సంక్రాంతికి పిల్లల చేత కొలువు అలంకరణలు, పేరంటం కానుకలు చేయించే విధానం

సంక్రాంతికి పిల్లల చేత అలంకరణలు, కానుకలు చేయించాలనుకునే పెద్దలు సామాను కోసం బజారుకు వెళ్లే ముందు క్యాలెండరు తీసి, భోగి నుంచి వెనక్కి రోజులు లెక్కపెట్టుకోవాలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు పడుతుంది, ఎండ ఆలస్యంగా వచ్చి తొందరగా వాలిపోతుంది. వేసవిలో రెండు రోజుల్లో గట్టిపడే మట్టిబొమ్మ ఈ నెలలో వారం దాకా లోపల పచ్చిగానే ఉండిపోతుంది. బడులకు సెలవులేమో భోగికి మూడు నాలుగు రోజుల ముందు గాని రావు. అందుచేత సెలవులు ఇచ్చాక మొదలుపెడదామనుకుంటే ఆరవలసిన వస్తువులేవీ పండుగకు అందవు. పిల్లవాడు ముచ్చటపడి చేసిన ఏనుగు తడిగానే కొలువెక్కి, మెట్టు మీద పరిచిన తెల్ల పంచెకు మట్టి అంటిస్తుంది. కింద చెప్పిన పనులన్నింటినీ ఒకే లెక్క ప్రకారం వరుస పెట్టాను: ఆరడానికి ఎక్కువ రోజులు పట్టేవి ముందు, వాడిపోయేవి చివర.

కోస్తా జిల్లాల్లో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా ఇళ్లలో దసరాకు పెడతారు. దసరాకు పెట్టేవారు కూడా ఈ పనులనే చేయించవచ్చు గాని, ఆ రోజుల్లో వానలు ఇంకా పూర్తిగా వెనుకపట్టి ఉండవు కాబట్టి ఆరబెట్టడానికి మరో నాలుగైదు రోజులు అదనంగా ఉంచుకోవాలి. కొలువు ఆచారమే లేని ఇంట్లో ఈ అలంకరణలను గుమ్మానికి, పూజ గదికి, హాలులో ఒక బల్లకు పరిమితం చేసుకుంటే సరిపోతుంది. పేరంటానికి వచ్చిన ముత్తైదువులకు తాంబూలంతో పాటు ఏదో ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టడం ఈ మధ్య అలవాటైపోయింది. దాని స్థానంలో పిల్లలు చేసిన చిన్న బుట్టో, సంచో ఇవ్వగలిగితే ఇచ్చేవారికి ఖర్చు తగ్గుతుంది, పుచ్చుకున్నవారికి అది ఇంట్లో పనికొస్తుంది.

పని పంచేటప్పుడు పిల్లల వయసు చూడాలి. మూడు నాలుగేళ్ల పిల్లలు కాగితం చింపడం, మట్టి పిసకడం, విత్తనాలు చల్లడం ఇష్టంగా చేస్తారు, వారిని అంతవరకే ఉంచాలి. అయిదు నుంచి ఏడేళ్ల వారు ముద్రలు వేయగలరు, ఉండలు చేయగలరు, జిగురు రాయగలరు. ఎనిమిదేళ్లు దాటితే మొన తేలని కత్తెర ఇవ్వవచ్చు. సూది, పొయ్యి దగ్గరి పని పదకొండు, పన్నెండేళ్ల వారికి, అదీ పెద్దలు పక్కన ఉన్నప్పుడు మాత్రమే ఇవ్వాలి. ఒక్కో పూట గంటకు మించి కూర్చోబెట్టవద్దు. నేల మీద పాత చాప గాని, యూరియా సంచి విప్పదీసిన పట్టా గాని పరిచి, పక్కనే చేతులు కడుక్కోవడానికి ఒక బకెట్టు నీళ్లు, తుడుచుకోవడానికి పాత తువ్వాలు ఉంచితే సగం చికాకు అక్కడే తీరిపోతుంది.

మూడు వారాల ముందు: మెంతి బుట్టలు

మన ఊళ్లలో పెద్దవాళ్లు పాత కాగితాలను మెంతులతో కలిపి రుబ్బి తట్టలు, బుట్టలు చేసేవారు. మెంతుల్లోని జిగట గుజ్జును గట్టిగా పట్టి ఉంచుతుంది, వాటి చేదు వల్ల పురుగు దగ్గరికి రాదు. పిల్లలతో చేయించడానికి దీనికి మించిన పని నాకు కనబడలేదు, ఎందుకంటే ఇందులో చింపడం, పిసకడం, అద్దడం అన్నీ చేతులతోనే జరుగుతాయి, పనిముట్టు దాదాపు అవసరం ఉండదు. అరకిలో పాత వార్తాపత్రికలకు వంద గ్రాముల మెంతులు తీసుకోండి. ఈ కొలతకు అరచేతిలో ఇమిడే చిన్న బుట్టలు అయిదారు వస్తాయి. నున్నగా మెరిసే పత్రికల కాగితం సరిగా నానదు, దానిని పక్కన పెట్టేయండి.

కాగితాలను రూపాయి బిళ్లంత ముక్కలుగా చింపించి, బకెట్టులో మునిగేలా నీళ్లు పోసి మూడు రోజులు నానబెట్టాలి. రోజూ ఒకసారి నీళ్లు వంచేసి కొత్త నీళ్లు పోయాలి, లేకపోతే వాసన వస్తుంది. సిరా కూడా ఈ నీళ్లతో కొంత పోతుంది. మూడో రోజు రాత్రి మెంతులను విడిగా నానబెట్టి, మర్నాడు మెత్తగా రుబ్బుకోవాలి. కాగితాన్ని రోట్లో గాని, గ్రైండరులో గాని రుబ్బడం మేలు. మిక్సీలో వేస్తే నీళ్లు ఎక్కువగా పోసి కొద్దికొద్దిగా తిప్పాలి, లేకపోతే మోటారు వేడెక్కుతుంది. ఈ పని పెద్దలదే. రుబ్బిన గుజ్జును పల్చటి గుడ్డలో వేసి పిండేసి, మెంతి ముద్ద కలిపి, పిల్లల చేత పది నిమిషాలు బాగా పిసికించాలి. పిడికిట పట్టి నొక్కితే నీరు కారకూడదు, చేయి తెరిస్తే ముద్ద విడిపోకూడదు. ఆ రెండూ కుదిరినప్పుడు గుజ్జు సిద్ధమైనట్లు.

ఇక బుట్ట ఆకారానికి స్టీలు గిన్నె ఒకటి బోర్లించి, దాని మీద తడిపిన పల్చటి గుడ్డ కప్పాలి. గిన్నె నోరు దాని అడుగు కంటే వెడల్పుగా ఉండాలి, లేకపోతే ఆరాక బుట్ట బయటికి రాదు. గుడ్డ మీద గుజ్జును చిన్న చిన్న బిళ్లలుగా, ఒక దాని అంచు మరొక దాని మీదికి వచ్చేలా అద్దుకుంటూ పోవాలి. పిల్లలు గిన్నె అడుగు మీద, అంటే పైకి కనిపించే చోట, మందంగా వేసి, అంచుల దగ్గర పల్చగా వదిలేస్తారు. చూపుడు వేలితో అంచు చుట్టూ ఒకసారి తడిమి చూడమని చెబితే వారికే తెలుస్తుంది. అంతటా పావు అంగుళం మందం ఉంటే చాలు. తడి చేత్తో పైన నిమిరి, చెంచా వెనుక భాగంతో నున్నగా రుద్దాలి. అక్కడక్కడా వేలిముద్రలు మిగిలితే మిగలనివ్వండి.

మొదటి రెండు రోజులు నీడలో, గాలి ఆడే చోట ఉంచాలి. నేరుగా ఎండలో పెడితే పైపొర ముందు బిగుసుకుని లోపల తడి మిగిలి, అంచులు నెర్రెలిస్తాయి. రెండు రోజుల తరువాత గిన్నె నుంచి మెల్లగా విడదీసి, గుడ్డ ఒలిచేసి, బుట్టను వెల్లకిలా తిప్పి ఎండలో పెట్టాలి. సాయంత్రం మంచు దిగకముందే లోపలికి తెచ్చేయాలి. ఈ బాధ్యతను ఇంట్లో ఒక పిల్లకు పేరుపెట్టి అప్పగిస్తే మరచిపోవడం ఉండదు. వారం, పది రోజుల్లో బుట్ట తేలికై, గోటితో మీటితే టకటకమని శబ్దం వస్తుంది. అప్పుడు లోపలా బయటా సుద్ద కలిపిన తుమ్మబంక నీళ్లు ఒక పూత వేసి, అది ఆరాక పసుపో, జాజో, పోస్టరు రంగులో వేయించండి. ఈ బుట్టకు నీరు తగలకూడదు, కడగకూడదు. పసుపు కుంకుమ పొట్లాలు, వక్కలు, గాజులు, ఖర్జూరాలు పెట్టి ఇవ్వడానికి ఇది చక్కగా సరిపోతుంది.

రెండు వారాల ముందు: మట్టిబొమ్మలు, పిడకల దండ

మట్టి కుమ్మరి వాళ్ల దగ్గర అడిగితే తయారుగా దొరుకుతుంది. పట్టణాల్లో వినాయక చవితికి కొన్న మట్టి పొడి మిగిలి ఉంటే దానిని వాడుకోవచ్చు. చెరువు మట్టి తెచ్చుకునేవారు దానిని ఎండబెట్టి, దంచి, జల్లించి, రాళ్లు, వేళ్లు తీసేశాకే పిల్లలకు ఇవ్వాలి. నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ, చేతికి అంటుకోకుండా, వంచితే పగలకుండా ఉండే పదును వచ్చేదాకా కలిపి, తడిగుడ్డ చుట్టి ఒక రాత్రి ఉంచితే మట్టి సాగుతుంది. బొమ్మ మన బొటనవేలు కంటే లావుగా ఉండే చోటల్లా లోపల గుల్ల చేయించాలి. ఏనుగు పొట్టను కింద నుంచి చెంచాతో తొలిచేస్తే అది సమంగా ఆరుతుంది, పగుళ్లు రావు. తొండం, చేయి, కొమ్ము వంటివి విడిగా చేసి అతికించేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, నీళ్లలో కరిగించిన మట్టి రాసి నొక్కాలి. ఊరకే నొక్కి వదిలేస్తే ఆరాక ఊడిపోతాయి.

ఏ బొమ్మలు చేయాలో పిల్లలనే చెప్పనివ్వండి, కాని కొలువుకు ఏదో ఒక కథ ఉండేలా చూడండి. కొండపల్లి బొమ్మల్లో అంబారీ ఏనుగు, ఎడ్లబండి, కల్లుగీత కార్మికుడు, నీళ్లు మోసే పడుచు కలిసి ఒక పల్లె అవుతాయి. మీ ఇంట్లో ఆ బొమ్మలు ఉంటే పిల్లల ముందు పెట్టి, వాటికి చేతులు, కాళ్లు ఎక్కడ అతికించారో వెతకమనండి. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో విడి భాగాలు చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుతున్న చట్రం మీద చెక్కి, లక్క రంగులు పట్టిస్తారు. ఈ తేడా తెలిసిన పిల్ల తన మట్టి ఎద్దుకు కొమ్ములు ఎలా నిలబెట్టాలో తనే ఆలోచిస్తుంది. పిల్లలు నిద్రపోయాక వంకర మూతులను సరిచేసే అలవాటు పెద్దలకు ఉంటుంది. దయచేసి అది మానుకోండి. పొద్దున లేవగానే వారు గుర్తుపడతారు, ఆ తరువాత మట్టి ముట్టుకోరు.

బొమ్మలను నీడలో అయిదు రోజులు, ఆ పైన లేత ఎండలో రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. కాల్చని మట్టి కాబట్టి నీటి రంగులు ఎక్కువ తడిగా వేస్తే పైపొర కరుగుతుంది. ముందు సుద్ద పూత వేసి, దాని మీద చిక్కటి రంగు వేయించండి.

ఇదే వారంలో భోగి పిడకలు కూడా చేయించాలి. తాజా ఆవుపేడలో గడ్డి పోచలు ఏరేసి, ముద్ద చేసి, పిల్లల అరచేతి కంటే చిన్నవిగా బిళ్లలు తట్టించి, మధ్యలో పుల్లతో బొటనవేలు పట్టేంత రంధ్రం చేయించాలి. ఆరేటప్పుడు రంధ్రం కుంచించుకుపోతుంది గనుక మొదటే పెద్దదిగా ఉండడం మంచిది. డాబా మీద పాత గోనెసంచి పరిచి వాటిని వరుసగా పెట్టి, మూడో రోజున తిరగవేయాలి. బాగా ఎండినవాటిని జనపనార పురికొసకు గాని, కొబ్బరి తాడుకు గాని గుచ్చి దండలు కట్టాలి. ఆ దండ భోగి మంటలోకి పోయేది కాబట్టి ప్లాస్టిక్ తాడు, నైలాను దారం వాడవద్దు. పని అయ్యాక పిల్లల చేతులను, గోళ్ల సందులను సబ్బుతో బాగా కడిగించాలి. చేతి మీద దెబ్బ గాని, పుండు గాని ఉన్న పిల్లకు ఈ పని ఇవ్వకూడదు. దగ్గరలో పాడి లేని పట్టణాల వారు దీనిని వదిలేసినా కొలువుకు వచ్చే లోటు ఏమీ లేదు.

ఎనిమిది రోజుల ముందు: కొలువు కింద పచ్చటి చేను

కొలువు చివరి మెట్టు కింద పల్లె పొలం ఒకటి పెట్టడం పిల్లలకు ఎంతో సరదా. దీనికి లోతు లేని పళ్లెం గాని, మిఠాయి డబ్బా మూత గాని, పగిలిన ట్రే గాని పనికివస్తుంది. అంగుళం మందాన మట్టి, కొబ్బరి పీచు పొడి కలిపి పరిచి, రాత్రంతా నానబెట్టిన మెంతులను గాని, ఆవాలను గాని ఒత్తుగా చల్లించాలి. పైన మట్టి కప్పనవసరం లేదు, తడి గుడ్డ ఒక రోజు కప్పి ఉంచితే మొలక వస్తుంది. రోజుకు రెండు పూటలా నీళ్లు చిలకరించే పని ఇంట్లో చిన్నవారికి ఇవ్వండి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి చేతిని నీళ్లలో ముంచి వేళ్లతో చిమ్మమనండి. ఎనిమిదో రోజుకు రెండు అంగుళాల పచ్చటి పైరు తయారవుతుంది. మధ్యలో గులకరాళ్లతో గట్లు, అద్దం ముక్క స్థానంలో వెండిరంగు కాగితంతో చెరువు, మట్టి ఎద్దులు, పుల్లలతో దడి పెట్టుకోవచ్చు. అద్దం ముక్క పెట్టడం పాత అలవాటు గాని, చిన్న పిల్లలు తిరిగే ఇంట్లో దాని అంచుతో ప్రమాదం.

సెలవులు ఇచ్చాక: కాగితం పని

సెలవుల మొదటి రోజున ఇంట్లోనే జిగురు కాచుకోండి. రెండు పెద్ద చెంచాల మైదాను ముందు కొద్ది చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఒక గ్లాసు నీళ్లు చేర్చి, సన్నటి సెగ మీద కలుపుతూ ఉడికిస్తే నాలుగైదు నిమిషాల్లో గరిటెకు పట్టుకునేలా చిక్కబడుతుంది. ఇది రెండు రోజులకు పులుస్తుంది. నిలవ ఉండడానికి పూర్వం మైలుతుత్తం వేసేవారు, అది విషం. పిల్లలు వేళ్లు ముంచే జిగురులో దానిని ఎంతమాత్రం వేయకూడదు, ఏ రోజుకు కావలసింది ఆ రోజే కాచుకోవాలి. తోరణాలకు పల్చటి రంగు కాగితాలు తీసుకుని, ఒక్కో కాగితాన్ని పొడవుగా నాలుగు మడతలు పెట్టి, కొసలో త్రికోణం గాని, మామిడాకు ఆకారం గాని గీసి కత్తిరిస్తే ఒకే కోతకు నాలుగు జెండాలు వస్తాయి. పురికొసకు రెండంగుళాల ఎడం ఉండేలా, ఒక్కో జెండా పై అంచును తాడు మీదికి మడిచి జిగురు రాయాలి. థర్మోకోలు, మెరుపుల పొడి నేను సిఫారసు చేయను. పండుగ వెళ్లిన నెలకు కూడా ఆ మెరుపులు చాపలో, అన్నం కంచం అంచున కనిపిస్తూనే ఉంటాయి.

కొలువు వెనుక గోడకు చిన్న గాలిపటాలు, తెలంగాణ పిల్లల మాటలో పతంగులు, వరుసగా అంటిస్తే ఆకాశం వచ్చినట్టే. అడుగు లోపు చతురస్రం పల్చటి కాగితం కత్తిరించి, ఒక మూల పైకి ఉండేలా తిప్పి, పై మూల నుంచి కింది మూలకు నిటారుగా ఒక కొబ్బరి ఈనె అతికించాలి. మరొక ఈనెను విల్లుగా వంచి, దాని రెండు కొసలను కుడి ఎడమ మూలల్లో అతికి, వంపు పై మూల వైపు ఉండేలా చూడాలి. అతకడానికి రెండు మెతుకులు చాలు. జిగురు కంటే అన్నం మెతుకు పట్టే గట్టి. కింది మూలకు చిన్న తోక అతికిస్తే అలంకరణ పూర్తయినట్లు. వీటిలో ఒకటో రెండో ఎగరేస్తామని పిల్లలు అడుగుతారు గనుక మామూలు నూలు దారం తెచ్చి ఉంచండి. నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అది పక్షుల రెక్కలకే కాదు, బండి మీద వెళ్లేవారి మెడకు కూడా ప్రాణాంతకం.

పేరంటం కానుకల కోసం సంచులకు ముద్రలు వేయించడం ఈ సెలవుల్లో చేయవలసిన పెద్ద పని. ఇంట్లో ఉన్న తెల్ల నూలు గుడ్డతో జానెడు సంచులు కుట్టించుకోండి, లేకపోతే దుకాణంలో దొరికే గోధుమ రంగు కాగితం సంచులు తెచ్చుకోండి. ముదిరిన బెండకాయను తొడిమకు రెండంగుళాల కింద అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు వస్తుంది, తొడిమ భాగం పట్టుకోవడానికి పిడిగా ఉపయోగపడుతుంది. కోసిన వెంటనే రంగులో ముంచితే బెండ జిగురు కలిసి ముద్ర చెదురుతుంది. గుడ్డ మీద అద్ది, పావుగంట గాలికి ఉంచాలి. రంగును గిన్నెలో పోసి ముంచనివ్వకుండా, మడత పెట్టిన తడి గుడ్డ మీద పల్చగా పోసి, దాని మీద కాయను ఒత్తి తీయమనాలి. గుడ్డకైతే గుడ్డ మీద వేసే రంగు, కాగితానికైతే పోస్టరు రంగు వాడాలి. ముందు పాత కాగితం మీద పది ముద్రలు వేయించి, చేయి కుదిరాక సంచి ఇవ్వండి. సంచి లోపల అట్ట ముక్క పెట్టడం మరచిపోవద్దు, లేకపోతే రంగు రెండో వైపుకు దిగుతుంది. అంచు వెంబడి బెండ పువ్వులు, మధ్యలో బంగాళాదుంపను మామిడి పిందె ఆకారంలో చెక్కిన ముద్ర ఒకటి వేస్తే కలంకారీ అద్దకం ఛాయ వస్తుంది. దుంప చెక్కే పని పెద్దలు చేయాలి. గుడ్డ రంగు ఆరాక, పైన పల్చటి గుడ్డ వేసి వెనుక నుంచి ఇస్త్రీ చేస్తే ఉతికినా నిలుస్తుంది.

ఊళ్లో ఉన్న తాతయ్యకు, అమ్మమ్మకు, పెద్దనాన్నకు ఇవ్వడానికి ముగ్గు కార్డులు చేయించవచ్చు. దళసరి గోధుమ రంగు కాగితాన్ని మధ్యకు మడిచి, పై భాగం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టించాలి. 7 చుక్కల సందు ముగ్గు, 4 వచ్చేవరకు, అంటే మధ్య వరుసలో 7 పెట్టి, పైకీ కిందికీ 6, 5, 4 చొప్పున ప్రతి వరుసను సందు చుక్కలతో నింపడం, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. మొత్తం 37 చుక్కలు వస్తాయి, రాకపోతే ఎక్కడో ఒక వరుస తప్పినట్లు. స్కేలుతో అంగుళంలో మూడో వంతు ఎడం గుర్తులు పెట్టుకుంటే వరుస చెదరదు. తెల్ల రంగులో ముంచిన సన్నటి కుంచెతో గాని, తెల్ల సిరా పెన్నుతో గాని చుక్కలను కలిపితే కాగితం వాకిలి అవుతుంది. ఇంటి ముందు ముగ్గు పెట్టే ముందు ఇదే ముగ్గును కాగితం మీద సాధన చేసిన పిల్ల, భోగి పొద్దున వాకిట్లో తడబడదు. లోపలి పుట మీద పిల్లల చేతిరాతలో నాలుగు మాటలు తెలుగులో రాయించండి. అక్షర దోషాలను దిద్దినా మాటలను మాత్రం మార్చవద్దు.

భోగి ముందురోజు, పండుగ రోజులు

ఆకులు, పూల పని చివరి రోజుకే ఉంచాలి. మామిడాకులను ముందురోజు సాయంత్రం కోసి, తడి గుడ్డతో తుడిచి, ఒకే పరిమాణం ఉన్నవాటిని పిల్లల చేత ఏరించండి. ఆకు తొడిమ వైపు అంగుళం మేర తాడు మీదుగా మడిచి, చీపురు పుల్ల ముక్కతో ఇటు నుంచి అటు గుచ్చాలి. గుమ్మం వెడల్పు కంటే అడుగు ఎక్కువగా తాడు తీసుకుంటే కొసలు కట్టడానికి ఇబ్బంది ఉండదు. బంతిపూల దండను సూదితో గుచ్చేటప్పుడు తొడిమను కొంత తుంచేసి, పువ్వు మధ్య నుంచి తొడిమ వైపుకు సూది దించాలి. పక్క నుంచి గుచ్చితే సాయంత్రానికి పూలన్నీ తలలు వేలాడేస్తాయి. రెండు ఎర్ర బంతులకు ఒక పసుపు బంతి అనే లెక్కను పిల్లలే పెట్టుకుని తామే తప్పుతారు, దానికేమీ ఫరవాలేదు. వాకిట్లో గొబ్బెమ్మల మీద పెట్టడానికి గుమ్మడి పువ్వులు దొరికితే వాటిని మాత్రం పొద్దున్నే కోసుకోవాలి, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతాయి.

మెట్లను బేసి సంఖ్యలో, ఇంట్లోని బల్లలు, పెట్టెలు, ఇటుకలు, పుస్తకాల అట్టపెట్టెలు పేర్చి కట్టి, కదలడం లేదని పెద్దలు చేత్తో నొక్కి చూశాకే బొమ్మలను ఎక్కించాలి. దేవుళ్ల బొమ్మలు పై మెట్టు మీద ఉంటాయి కాబట్టి పిల్లలు చేసినవాటికి కింది రెండు మెట్లు వదిలేయండి. వాటిని మాటిమాటికీ జరుపుకోవడానికి కూడా అదే వారికి అందుబాటు. చిరుదీపాల విద్యుత్తు తీగ కాగితపు తోరణాలకు తగలకుండా, దీపారాధన కొలువుకు జానెడు దూరంలో కాకుండా బాగా ఎడంగా ఉండేలా చూసుకోవాలి. భోగిపళ్లకు రేగుపళ్లు, చెరుకు ముక్కలు, బంతిరేకులు, చిల్లర, నానబెట్టిన శనగలు కలిపే పని పెద్ద పిల్లలకు ఇవ్వవచ్చు. పోసిన తరువాత కింద పడిన నాణేలను, శనగలను, రేగు గింజలను వెంటనే ఏరించాలి, ఎందుకంటే పాకే పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి జనవరిలో ఎండ ఇంకా కరువు. వారు బుట్టలను, మట్టిబొమ్మలను గది వేడి చేసే యంత్రానికి కొంత దూరంలో, వైర్ల జల్లెడ మీద ఉంచి తిప్పుతూ ఆరబెట్టుకోవచ్చు. మామిడాకులకు బదులు ఆకుపచ్చ దళసరి కాగితాన్ని ఆకులుగా కత్తిరించి, నడి ఈనె దగ్గర మడిచి కడితే దూరం నుంచి తేడా తెలియదు. పేరంటం అక్కడ ఎలాగూ శని, ఆదివారాలకు జరుగుతుంది గనుక వారికి ఒకటి రెండు రోజులు వెసులుబాటు కూడా దొరుకుతుంది.

పేరంటం నాడు కానుకలు అందించే పని పిల్లలకే అప్పగించండి. వచ్చినవారికి బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చాక, సంచిని లేదా బుట్టను పిల్ల రెండు చేతులా పట్టుకుని ఇవ్వాలి. అడిగితే తనే ఎలా చేసిందో చెప్పనివ్వాలి, పక్క నుంచి అందుకోవద్దు. కనుమ వెళ్లాక కొలువు ఎత్తేసేటప్పుడు మట్టిబొమ్మలను పాత నూలు గుడ్డల్లో ఒక్కొక్కటిగా చుట్టి, ఎండు వేపాకు వేసిన అట్టపెట్టెలో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే చెమ్మ పట్టి రంగు ఊడుతుంది. పెట్టె మీద సంవత్సరం, చేసిన పిల్ల పేరు, అప్పటి వయసు రాసి ఉంచండి. మిగిలిన మెంతి బుట్టలను ఒకదానిలో ఒకటి ఇరికించకుండా మధ్యలో కాగితం పెట్టి సర్ది, వేసవిలో ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి ఎండకు పెడితే బూజు పట్టదు. మొలకల పళ్లెంలోని మెంతికూరను కోసి పప్పులో వేసుకోవచ్చు, రంగులు, మెరుపు కాగితం దగ్గర పెరిగిన అంచులను మాత్రం వదిలేయండి.